పాత ల్యాప్‌టాప్‌ ఉంచాలా, చవకలో కొత్తది కొనాలా: నా అనుభవం

నల్లగొండలో చిన్న డీటీపీ, ఆన్‌లైన్ పనుల షాపు నాది. అక్కడ నడిచే ల్యాప్‌టాప్‌ 2018లో కొన్నది. ఇంటెల్ కోర్ ఐ5-8250యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు, 15.6 అంగుళాల స్క్రీన్. దాని మీద నడవాల్సినవి తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్‌తో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, పాత ఫొటోషాప్, ఎక్సెల్, క్రోమ్‌లో పది పన్నెండు ట్యాబులు, ఒక క్యానన్ ఎల్‌బీపీ2900 ప్రింటర్. 2025 వానాకాలం వచ్చేసరికి ఆన్ చేస్తే పని మొదలుపెట్టడానికి నిమిషాలు పట్టేది. పైగా ఆ ఏడాది అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్ట్ ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది. ఎవరిని అడిగినా ఒకటే మాట: "ఏడేండ్లయింది గదనే, ఇంకేం పెట్టుకుంటవ్, కొత్తది తీస్కో." 27 వేలకు కొత్తది దొరుకుతుంటే ఆ మాట సబబుగానే అనిపిస్తుంది. కానీ ముసలిదైంది మిషనంతానా, లోపల ఒకటి రెండు పార్టులేనా అన్నది తేల్చుకోకుండా పైసలు తీయొద్దనుకున్నాను.

తేల్చుకోవడానికి షాపుకు పోనక్కర్లేదు. మిషన్ బాగా సతాయిస్తున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ ట్యాబు చూడాలి. నా దాంట్లో సీపీయూ, అంటే ప్రాసెసర్, 20 శాతం కూడా దాటట్లేదు. మెమరీ, అంటే ర్యామ్, 90 పైనే. డిస్కు మాత్రం 100 దగ్గర అతుక్కుపోయి ఉంది. ర్యామ్ నిండగానే విండోస్ అందులో పట్టనిదాన్ని డిస్కు మీదికి తోస్తుంది, అవసరం పడినప్పుడు మళ్లీ లాక్కొస్తుంది. తిరిగే హార్డ్ డిస్కులో ముల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగాలి కాబట్టి, చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కల్ని సెకనుకు వందకు అటూ ఇటూగా మాత్రమే అందుకోగలదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్కు, అదే పనిని సెకనుకు వేలల్లో చేస్తుంది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్కు కోసం ఎదురుచూస్తోందన్న మాట. అలాంటప్పుడు కొత్త ప్రాసెసర్‌కు డబ్బు పెట్టి లాభం లేదు. ఇదే పరీక్షలో సీపీయూ 100 దగ్గర, డిస్కు పదిలోపు కనిపిస్తే మాత్రం కథ వేరు. ఎస్‌ఎస్‌డీ వేసినా ఒరిగేదేమీ ఉండదు.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్కు ఆరోగ్యం చూశాను. పైన పసుపు రంగులో కాషన్ అని వస్తే కింద రెండు వరుసలు చదవాలి. 05 అంటే పాడైన చోట్లను డిస్కు పక్కనపెట్టి వేరే చోట రాసుకున్న లెక్క. సీ5 అంటే చదవలేక అలాగే వదిలేసినవి. 05లో చిన్న అంకె ఉండి, నెలలు గడిచినా పెరగకపోతే కంగారు లేదు. సీ5లో సున్నా కానిది ఏదున్నా ముందు ఫైళ్లు వేరేచోటికి తీయాలి, మిగతా ఆలోచనలన్నీ ఆ తర్వాతే. నా దాంట్లో సీ5 ఎనిమిది చూపించింది. స్లో కావడానికి అదీ ఒక కారణమే, చదవలేని చోట డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఆగిపోతుంటుంది.

బ్యాటరీకి కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండుకు బ్యాటరీరిపోర్ట్ అని తగిలిస్తే ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి దిగితే కరెంటు పోయినప్పుడు ఆ బ్యాటరీని నమ్ముకోలేం. నాది 41 వేల మిల్లీవాట్ అవర్లకు 14 వేల దగ్గరుంది. అంకెలకంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది: టచ్‌ప్యాడ్ క్లిక్ కాకుండా బిగుసుకున్నా, మూత సరిగ్గా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ రోజే చార్జింగ్ ఆపి తీయించేయాలి. గుచ్చడం, నొక్కి సరిచేయడం అసలు చేయొద్దు, లిథియం సెల్ నిప్పంటుకుంటుంది.

వేడి సంగతి మన దిక్కు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు షాపులో ఫ్యాను కింద పెట్టిన ల్యాప్‌టాప్‌కు లోపలికి పోయే గాలే కాగి ఉంటుంది. ఐ5-8250యూ గరిష్ఠ హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరేసరికి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. లోపలి వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే నాది 97 దాకా పోతోంది. దుమ్ము కూర్చునేది ఫ్యాన్ రెక్కల మీద కాదు, ఫ్యానుకూ వేడిని బయటికి మోసే రాగి పైపు చివర ఉండే సన్నటి రేకులకూ మధ్య. పైనుంచి ఊదితే అది కదలదు. ఫ్యాన్ విప్పితే దూది అట్టలాంటి పొర చేతికొస్తుంది. ఎండకాలంలోనే స్లో అయి, చలికాలంలో బాగుండే మిషన్లకు తొంభై పాళ్లు ఇదే జబ్బు.

విండోస్ 11 సంగతి ప్రాసెసర్ దగ్గరే తేలిపోతుంది. ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు. ఐ5 తర్వాత వచ్చే నాలుగంకెల్లో మొదటిది 8 అయితే బతికినట్టే. 7200యూ, 6200యూ లాంటివి జాబితాలో లేవు. దాంతోపాటు టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నకిలీ సాఫ్ట్‌వేర్‌ను ఆపే ఏర్పాటు) కావాలి. టీపీఎం లేదని చూపిస్తే వెంటనే నిరాశపడొద్దు. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, ఇంటెల్ ప్లాట్‌ఫామ్ ట్రస్ట్ టెక్నాలజీ, పొట్టిగా పీటీటీ, ఆఫ్‌లో ఉండొచ్చు. ఆన్ చేస్తే వచ్చేస్తుంది. 7వ తరం, అంతకంటే పాతవాటిలో రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11 ఎక్కించేవాళ్లు మస్తుమంది ఉన్నారు. నడుస్తుంది కూడా. కానీ అప్‌డేట్లు ఎప్పటికీ వస్తాయన్న హామీ లేదు. బ్యాంకు పనులు, జనం ఆధార్ కాగితాలు చూసే మిషన్ మీద నేనైతే ఆ పని చేయను. అలాంటి పాత ప్రాసెసర్ ఉన్నవాళ్లకు విండోస్ 10 అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా దొరుకుతాయి, ఈలోపు డబ్బు కూడబెట్టుకోవచ్చు.

ఇక కొత్తవాటి సంగతి. గడియారం సెంటర్ చుట్టుపక్కల షాపుల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ 30 వేలలోపు చూపించినవాటిలో పేరు మీద కొత్తదనం తప్ప నా పనికి పాతదాన్ని మించింది తక్కువ. ఇంటెల్ చవక ప్రాసెసర్ సెలెరాన్ ఎన్4500లో పని చేసే భాగాలు, అంటే కోర్లు, రెండే; ఒకేసారి నడిపే పనుల వరుసలు, అంటే థ్రెడ్లు, రెండే. నా ఐ5లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. మొత్తం పని బరువు మీద కొలిస్తే ఎన్4500 దానికి దాదాపు మూడో వంతు. 2023లో వచ్చిన ఎన్100 నాలుగు కోర్లతో మెరుగే, దాదాపు నా పాతదానితో సమానం. సమానమైన దానికోసం 27 వేలు ఎందుకు పెట్టాలి? నిజంగా ఒక మెట్టు ఎక్కినట్టు ఉండేది కోర్ ఐ3-1215యూ నుంచి. రెండు పెద్ద (వేగమైన) కోర్లు, నాలుగు చిన్న (నెమ్మదైన) కోర్లు, పాతదానికి దగ్గర దగ్గర రెట్టింపు పని. దానికి అప్పట్లో నాకు చెప్పిన ధర 36 వేలు.

పేర్లతో తికమక పెట్టడం ఈ మధ్య ఎక్కువైంది. ఇంటెల్ కోర్ ఐ3లో ఐ అనే అక్షరాన్ని తీసేసి కోర్ 3 అంటోంది. కోర్ 3 తర్వాత ఎన్ అక్షరం ఉంటే, ఎన్355 లాగా, అందులో ఉన్నవన్నీ చిన్న కోర్లే. ఏఎండీ రైజెన్ 7000 నంబర్లలో మూడో అంకె చూడాలి. రైజెన్ 3 7320యూలో మూడో అంకె 2, అంటే 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్. డబ్బా మీద 7 చూసి సరికొత్తదనుకుంటారు. అది పనికిరాదని కాదు, రోజువారీ పనులకు బాగానే ఉంటుంది, కానీ దాని ర్యామ్ బోర్డుకు అతికించి వస్తుంది. 8 జీబీతో కొంటే ఆ మిషన్ బతికినన్నాళ్లూ 8 జీబీయే.

అసలు బీదతనం ప్రాసెసర్‌లో కాదు, చుట్టూ ఉన్నవాటిలో దాక్కుంటుంది. మోడల్ వివరాల కాగితంలో స్టోరేజ్ దగ్గర ఈఎంఎంసీ అని రాసుంటే ఆ కాగితం అక్కడే మడిచి ఇచ్చేయొచ్చు. అది ఫోన్లలో వాడే రకం, బోర్డుకు అతికి ఉంటుంది, చెడితే బోర్డుతో సహా పోయినట్టే. 64 జీబీ అయితే విండోస్ అప్‌డేట్‌కే చోటు చాలదు. స్క్రీన్ దగ్గర 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (చూపే రంగుల పరిధి), 220 నిట్స్ (వెలుతురు), టీఎన్ ప్యానెల్ (చవక రకం) అని ఉంటే రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి. పెళ్లి కార్డు, ఫ్లెక్సీ డిజైన్ చేసేవాళ్లకు అది నేరుగా నష్టం, స్క్రీన్ మీద కుంకుమరంగు అనుకున్నది ప్రింట్‌లో ఇంకోటి వస్తుంది. ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉండి రెండో స్లాట్ ఖాళీగా ఉందా, అసలు స్లాటే లేదా అడగాలి. ఆఫీస్ ఉచితం అంటే ఒకసారి కొంటే జీవితకాలం ఉండే ఆఫీస్ హోమా, ఏడాది తర్వాత డబ్బు కట్టాల్సిన 365 సబ్‌స్క్రిప్షనా అన్నది బిల్లు మీద రాయించుకోవాలి. కొన్ని చవక మోడళ్లు ఎస్ మోడ్‌లో వస్తాయి, స్టోర్ నుంచి తప్ప ఏదీ ఎక్కనివ్వవు. అందులోంచి బయటికి రావడం ఉచితమే, వెనక్కి పోవడం మాత్రం ఉండదు. ఇంకా చవగ్గా, విండోస్ బదులు గూగుల్ సిస్టమ్‌తో వచ్చే క్రోమ్‌బుక్‌లు కనిపిస్తాయి. చదువుకునే పిల్లలకు సరే, పేజ్‌మేకర్ వాటిలో ఎక్కదు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్‌లకు ఇంకో చిక్కుంది. ప్రోగ్రాములు ఎలాగోలా నడిచినా, పాత ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మిషన్ల డ్రైవర్లు ఆ ప్రాసెసర్‌కు ప్రత్యేకంగా తయారై ఉండాలి. ఎల్‌బీపీ2900 కాలంనాటి సరుకుకు అవి దొరకవనే అనుకుని లెక్క వేసుకోవాలి.

ఎవరూ లెక్కలోకి తీసుకోని ఖర్చు ఒకటుంది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, అను స్క్రిప్ట్, వాటి ఫాంట్లు, ఏండ్లుగా సర్దుకున్న కీబోర్డు సెట్టింగులు, ప్రింటర్ డ్రైవర్, ఫారాల టెంప్లేట్లు. కొత్త మిషన్‌కు ఇవన్నీ మళ్లీ ఎక్కించాలి. సీడీ పోయినవాళ్లు, కీ కాగితం పోయినవాళ్లు అక్కడే ఆగిపోతారు. పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్త ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ (నకలు) చేస్తే ఈ బాధ ఒక్కటీ ఉండదు. నాకు తూకం పాతదాన్ని ఉంచుకునే వైపు మొగ్గడానికి వేగంకంటే ఇదే పెద్ద కారణం.

మూడో దారి కూడా చూశాను: సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరికే, కంపెనీలు వాడి వదిలేసిన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు. డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్ రకాలు అప్పట్లో 20 వేల చుట్టుపక్కల. బాడీ గట్టిది, కీబోర్డు బాగుంటుంది, విప్పడం తేలిక. 30 వేల కొత్త ప్లాస్టిక్ మిషన్ కంటే నాకు ఇవే నచ్చుతాయి. కానీ అక్కడే నిలబడి కొన్ని చూసుకోవాలి. బయోస్‌లోకి పోతే పాస్‌వర్డ్ అడగొద్దు. విండోస్ రీసెట్ చేసి, వైఫై కలిపి సెటప్ నడిపించాలి. ఏదో కంపెనీ పేరు చూపించి వాళ్ల లాగిన్ అడిగితే ఆ మిషన్ ఇంకా ఆ కంపెనీ ఖాతాలోనే ఉందన్న మాట, ఎంత బేరమాడినా వద్దు. తెల్ల స్క్రీన్ పెట్టి మచ్చలు చూడాలి, బ్యాటరీ రిపోర్ట్ తీయాలి. నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు పోయి తెచ్చుకున్నదానికి వారంటీ అంటే మళ్లీ వంద కిలోమీటర్లే. కొత్తవాటికైనా ఆన్‌సైట్ వారంటీ మన పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో కొనకముందే అడగడం మంచిది.

చివరికి తేలిన లెక్క ఇది. 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ 3,000, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ 1,800, బ్యాటరీ 2,400, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్ట్ మార్చి శుభ్రం చేసినందుకు 600. మొత్తం 7,800 రూపాయలు. ఇవి 2025 సెప్టెంబర్ ధరలు. ఆ ఏడాది చివరి నుంచి మెమరీ కంపెనీలు ఏఐ సర్వర్ల చిప్‌ల వైపు మళ్లడంతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు ఎగబాకాయి. ఇప్పుడు లెక్క వేసేవాళ్లు పై అంకెలు పట్టుకుని షాపులో గొడవ పడొద్దు. పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన డీడీఆర్4 స్టిక్ అయినా పర్వాలేదు. ర్యామ్ అరిగిపోయే వస్తువు కాదు. ఎస్‌ఎస్‌డీ మాత్రం వాడింది కొనొద్దు, అది రాసేకొద్దీ అరుగుతుంది. నేను పెట్టుకున్న హద్దు ఏమంటే, బాగుచేసే ఖర్చు నిజంగా మెరుగైన కొత్తదాని ధరలో మూడో వంతు దాటకూడదు. పోల్చాల్సింది 36 వేల ఐ3తో, 27 వేలదానితో కాదు.

కొనేటప్పుడు చూడాల్సినవి. 2015కు ముందటి మిషన్లలో చాలావాటికి డీడీఆర్3ఎల్ పడుతుంది. డీడీఆర్4 అందులో గాడిలోకే దిగదు. 8250యూ ర్యామ్‌ను 2400 వేగం వరకే నడుపుతుంది, 3200 స్టిక్ వేసినా తగ్గించుకుని నడుస్తుంది, నష్టం లేదు. 4 జీబీ పక్కన 8 జీబీ వేస్తే జోడీ కుదరదంటారు గానీ నడుస్తుంది: ఎనిమిది జీబీ మేర రెండు దారుల్లో, మిగిలిన నాలుగు ఒకే దారిలో. బ్యాటరీకి మోడల్ పేరు చాలదు. పాతదాన్ని విప్పి దాని మీది పార్ట్ నంబరు, వోల్టేజీ ఫొటో తీసుకుని పోవాలి. ఒకే మోడల్‌లో 7.6 వోల్టులదీ, 11.4 వోల్టులదీ రెండూ వచ్చిన మిషన్లున్నాయి. ఎం.2 స్లాట్ (చిన్న కార్డులాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే గాడి) ఉంటే అందులో ఎక్కువ వేగముండే ఎన్‌వీఎంఈ రకం పడుతుందా, సాటా రకమే పడుతుందా అన్నది కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. అంచనాతో కొంటే కార్డు గాడిలో కూర్చుంటుంది గాని బయోస్‌కు కనిపించదు.

ఇక క్లోనింగ్. ఉన్నది 1 టీబీ, పోయేది 500 జీబీ. క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే గాని పెద్ద డిస్కు నుంచి చిన్నదానికి నేరుగా ఒప్పుకోదు. ముందు డీ డ్రైవ్‌లోని ఫొటోలు, ఫ్లెక్సీ ఫైళ్లు బయటి డిస్కులోకి మార్చి, ఎస్‌ఎస్‌డీ కంపెనీవాళ్లు ఇచ్చే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ వాడితే పని తేలిక. ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ-సాటా కేబుల్‌కు తగిలించాలి. సీ5 చూపించే డిస్కయితే మధ్యలో రీడ్ ఎర్రర్ అని ఆగొచ్చు; విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ నడిపితే చాలావరకు దాటిపోతుంది, కానీ అది కూడా డిస్కుకు భారమే, అందుకే ఫైళ్లు ముందే తీసి ఉండాలి. విప్పే ముందు డిస్కుకు తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. బయోస్‌లో చిన్న మార్పు చేసినా 48 అంకెల కీ అడిగి కూర్చోవచ్చు.

విప్పడానికి ముందు షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి, అప్పుడే పూర్తిగా ఆగుతుంది. అడుగున స్క్రూలు ఒక్కో పొడవువి, కాగితం మీద బొమ్మ గీసి అదే చోట గుచ్చుకుంటే తప్పు జరగదు. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు పైకి ఉబ్బుతుంది. రెండు మూడు స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాగి ఉంటాయి. అవి వదిలేసి లాగడం వల్లే చాలా బాడీలు పగులుతాయి. మూత ఎత్తడానికి స్క్రూడ్రైవర్ కాదు, పాత ఏటీఎం కార్డు. మొట్టమొదట తీయాల్సింది బ్యాటరీ కనెక్టరు. అది తీయకుండా ర్యామ్ ముట్టుకుంటే బోర్డు పోయే ప్రమాదం ఉంది. ర్యామ్‌ను ఏటవాలుగా దించి రెండు పక్కల కొక్కేలు టక్కుమనేదాకా వంచాలి. ఆన్ చేశాక స్క్రీన్ నల్లగానే ఉంటే ఒక నిమిషం ఆగాలి, కొత్త ర్యామ్‌ను గుర్తుపట్టడానికి మొదటిసారి సమయం తీసుకుంటుంది. అప్పటికీ రాకపోతే తీసి, బంగారు రంగు అంచును రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాలి. ఫ్యాన్ శుభ్రం చేసేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలు అడ్డం పెట్టి ఊదాలి.

విండోస్ 11కు మారేటప్పుడు కొందరికి లెగసీ బూట్, ఎంబీఆర్ డిస్కు అనే పాత పద్ధతుల దగ్గర ఆగిపోతుంది. షాపుల్లో పాత పద్ధతిలో విండోస్ వేసినవాటికి ఇది మామూలే. ఎంబీఆర్‌2జీపీటీ అనే కమాండు విండోస్‌లోనే ఉంటుంది. ముందు వాలిడేట్‌తో పరీక్షించి, సరే అంటే డిస్కును కొత్త జీపీటీ పద్ధతికి కన్వర్ట్ చేసి, ఆ తర్వాత బయోస్‌లో యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతికి మార్చాలి. వరుస తప్పితే బూట్ కాదు. డిస్కులో సీ, డీ, ఈ అని ముక్కలు చేసి మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లున్నా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఒక్కటున్నా వాలిడేట్ దగ్గరే కాదంటుంది. డేటా తీసేసి ఆ పార్టిషన్లు చెరిపితే ఒప్పుకుంటుంది. బయోస్‌లో ఉండగా సాటా మోడ్‌ను (డిస్కుతో మాట్లాడే పద్ధతిని) మాత్రం కదపొద్దు. ఆర్‌ఎస్‌టీ నుంచి ఏహెచ్‌సీఐకి మారిస్తే విండోస్ నీలి స్క్రీన్‌తో ఆగుతుంది.

మార్చాక పేజ్‌మేకర్, అను, ఎల్‌బీపీ2900 ముందున్నట్టే నడిచాయి. ఆన్ చేసిన అర నిమిషంలోపే పని మొదలుపెట్టొచ్చు. అదే లోడు మీద వేడి 80 దగ్గర ఆగుతోంది. మారనివీ ఉన్నాయి: స్క్రీన్ అదే పాతది, వీడియో ఎడిటింగ్‌కు ఇది చాలదు, స్పీకర్లు ఎప్పటిలాగే. హింజ్ దగ్గర ప్లాస్టిక్ విరిగి ఉన్నా, చార్జింగ్ పిన్ను రెండోసారి ఊడినా, బోర్డు మీద నీళ్లు పడ్డ మచ్చ కనిపించినా నేను ఈ 7,800 పెట్టేవాణ్ని కాదు. 7వ తరం లేదా అంతకంటే పాత ప్రాసెసర్ అయినా అంతే. సెకండ్‌హ్యాండ్ లాటిట్యూడ్ కోసం సికింద్రాబాద్ బస్సెక్కేవాణ్ని.

పాత హార్డ్ డిస్కును వెంటనే ఫార్మాట్ చేయలేదు. కనీసం నెలపాటు పక్కన పెట్టి, అన్ని ఫాంట్లు, అన్ని టెంప్లేట్లు కొత్తదాంట్లో తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే తుడిచాను. సీ5 ఉన్న డిస్కును యూఎస్‌బీ కేసులో వేసి బ్యాకప్‌గా వాడుకోమని ఎవరైనా చెబితే వినొద్దు. బ్యాకప్ కోసం వేరే డిస్కు కొన్నాను, ఆ ఖర్చు పై లెక్కలో లేదు.